మా పెరటి ఖర్జూరం

కడప పట్టణపు శివారులో మేము నివసించే సందు పేరు చాలామందికి తెలియదు. "ఖర్జూరపు చెట్టున్న ఇల్లు" అంటే మాత్రం ఆటోవారు సైతం సరాసరి మా వాకిట్లో దించి పోతారు. మిద్దెల అంచులమీద, నీళ్ల తొట్లమీద, విద్యుత్తు తీగలమీద తల ఎత్తి, బూడిద కలిసిన పచ్చదనంతో నలుదిక్కులకూ మట్టలు చాచి నిలిచిన ఆ వృక్షాన్ని చూసి, ఏ ఎడారి దేశపు చిత్రపటంలోనుండో లేచి వచ్చి మా సందులో దారి తప్పిందేమో అని కొత్తవారు ఆశ్చర్యపడుతూ ఉంటారు. అది ఎక్కడినుండీ నడిచి రాలేదు. ఒక అట్టపెట్టెలో, పండు లోపలి గింజగా, విమానం ఎక్కి వచ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దల సామెత. మా పెరటి చెట్టు వైద్యానికే కాదు, చాలాకాలం దేనికీ పనికిరానిదనిపించుకున్నది.

ఈ వ్యాసంలో "మేము" అన్న మాట పండితులు వాడే గౌరవ బహువచనం కాదని పాఠకులకు ముందుగా మనవి. మేము నిజంగానే ముగ్గురం, ఒక తల్లి బిడ్డలం. కలం ఒకరి చేతిలో ఉన్నా జ్ఞాపకాలు ముగ్గురివీ. మాలో చిన్నది ప్రస్తుతం కళాశాలలో వృక్షశాస్త్రం చదువుతున్నది. శాస్త్ర విషయాల్లో ఎక్కడైనా మా మాట తడబడకుండా ఉంటే ఆ గొప్పతనం ఆమెది.

2012వ సంవత్సరం ఫిబ్రవరిలో, మేము అబ్బా అని పిలిచే మా తండ్రిగారు కువైట్‌కు వెళ్లారు. కడప ప్రాంతంలో ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ప్రతి వీధిలోనూ అక్కడ ఉన్నవారో, అక్కడినుండి తిరిగి వచ్చినవారో, వెళ్లడానికి అప్పు చేస్తున్నవారో ఒకరిద్దరు ఉండనే ఉంటారు. ఇక్కడ ఆయనది బేల్దారి పని. అక్కడ దొరికింది తోట పని. కువైట్ దేశపు దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దుకు చేరువలో వఫ్రా అనే వ్యవసాయ ప్రాంతం ఉన్నది. ఆ ప్రాంతంలో ఒక ఆసామి తోటలోని ఖర్జూరపు చెట్ల సంరక్షణ ఆయన వంతు అయింది. గోడలు కట్టిన చేతులకు చెట్టెక్కే విద్య పట్టుబడడానికి పూర్తిగా ఒక యేడు పట్టిందట.

ఆ జూలైలో రంజాన్ మొదలయింది. ఊరికి వస్తున్న ఒక పరిచయస్థుని చేత ఆయన ఒక అట్టపెట్టె పంపారు. మాకు రంగు పెన్సిళ్లు, అమ్మీకి ఒక అత్తరు సీసా, అడుగున రెండు కిలోల ఖర్జూరాలు. ఆ రాత్రి ఫోనులో మాలో చిన్నది, "అబ్బా, ఎప్పుడొస్తావు?" అని అడిగింది. అయిదేళ్ల పిల్లకు వీసా, అప్పు, ఒప్పందం వంటి మాటలు ఏమని చెప్పగలరు? "ఆ గింజలు పారెయ్యకండి, పెరట్లో నాటండి. చెట్టు కాపుకొచ్చే నాటికి నేను వచ్చేస్తాను" అన్నారు. ఆయన మాటవరసకు అన్న మాట అది. మేము దానిని దస్తావేజుగా స్వీకరించాము.

మా నాయనమ్మ, అనగా మా దాదీ, పదకొండు గింజలను ఏరి ఉంచింది. వాటిని ఇత్తడి చెంబులో నానవేసి, దినదినమూ నీరు మార్చి, పిదప తడి గోనెపట్టాలో చుట్టి పొయ్యి గదిలో ఒక మూల పెట్టాము. ఖర్జూరపు గింజకు ఒక పక్క చీలిక వంటి గాడి ఉంటుంది గదా, మొలక అక్కడినుండి వస్తుందని మా ఊహ. అది వెనుక పక్కన ఉన్న చిన్న చుక్క వంటి చోటినుండి వచ్చింది. మూడు వారాలు దాటాక తెల్లని పుల్ల వంటిది పొడుచుకొని రాగా, అదే మొక్క కాబోలునని తలచి, ఆ పుల్లను ఆకాశం వైపు నిలబెట్టి మట్టిలో నాటాము. అది వేరని మాకు తెలియదు. మా అజ్ఞానాన్ని క్షమించి ఆ పుల్ల తనంతట తానే వంగి భూమిలోకి దిగింది. మరికొన్ని వారాలకు గింజకు ఎడంగా, మేము ఎదురుచూడని చోట, గడ్డిపరక వంటి ఆకు ఒకటి సూదిలా లేచింది. ఖర్జూరం ముందుగా వేరును లోతుకు దించుకొని, ఆ తరువాతనే ఆకును వెలుతురుకు చూపిస్తుందని మా చిన్నది ఈనాడు పాఠం చెబుతున్నది. ఆనాడు మాకు తెలిసింది ఒక్కటే. పదకొండింటిలో ఆరు మొలిచాయి.

ఆరింటిలో రెండింటిని పొరుగువారి కోళ్లు కెలికివేశాయి. ఒకదానిని మేక మేసింది. రెండు ఎందుకు ఎండిపోయాయో ఎవరికీ తెలియదు. స్నానాల నీళ్లు పారే కాలువ పక్కన, ప్రహరీకి మూడడుగుల దూరంలో, ఒక్కటి నిలిచింది.

నిలిచింది గాని పెరిగిందని చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు. రెండేళ్లపాటు అది గడ్డిలాగానే ఉన్నది. 2014లో అబ్బా మొదటి సెలవుకు వచ్చి, చెట్టు ఎక్కడని అడిగితే, మేము ముగ్గురం పరుగెత్తి వెళ్లి చూపించాము. ఆయన వంగి, కళ్లు చికిలించి, "ఇదేనా?" అని నవ్వారు. ఆ నవ్వు మాకు నచ్చలేదు. కాపు ఎంత దూరమో ఆయన కళ్లలో కనిపించిందని చెప్పుకోవడం అతిశయోక్తి కావచ్చు. కాని ఆయన నలభై దినాలు ఉండి వెళ్లిన తరువాత, గోడ మీద బొగ్గుతో గీత గీసి చెట్టు ఎత్తును కొలవడం మేము మానివేశాము.

మరుసటి యేడు మొదటి చీలిన ఆకు వచ్చింది. పక్షి ఈకలా రెండు వైపులా చిన్న రెమ్మలు విచ్చుకున్న ఆ ఆకును చూసిన నాడు దాదీ బెల్లం పంచింది. అక్కడినుండి చెట్టుకు తొందర పుట్టింది. మట్ట వెనుక మట్ట వచ్చింది. మట్టల మొదళ్లలో ఉండే రెమ్మలు ముళ్లుగా మారి, బంతికోసం వెళ్లిన మా కాళ్లను, చేతులను, ఒకసారి మామూ గారి కొత్త చొక్కాను చీల్చాయి. ఎదురింటి తాత తన వయసంతా ఈత చెట్లు గీసి గడిపిన మనిషి. ఆయన ఒకనాడు గోడ మీదినుండి పరిశీలించి, "ఇది మా ఈతకు పెద్దమ్మ బిడ్డే" అని నిర్ణయించారు. శాస్త్రం కూడా అదే చెబుతున్నది. ఖర్జూరం, మన చెరువు కట్టల మీది ఈత, రెండూ ఫీనిక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. మొదటిది డాక్టిలిఫెరా, రెండవది సిల్వెస్ట్రిస్.

"తాతా, ఎప్పుడు కాస్తుంది?" అని అడిగాము.

"కాస్తాదో లేదో ఎవురికి తెలుసు బిడ్డా? పోతుదో పండుదో మొవ్వులో దాచిపెట్టుకుంటాది. పువ్వు పుట్టేదాకా దేవునిక్కూడా చెప్పదు" అన్నారు తాత.

తాటిలో పోతుతాడు ఉన్నట్లే ఖర్జూరంలోనూ మగ చెట్లు, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి. గింజ నాటితే మగదో ఆడదో చెప్పలేము. ఇంచుమించు సగానికి సగం అవకాశం. పైగా గింజనుండి పుట్టిన చెట్టు పండు తల్లి పండులా ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకే ఖర్జూరపు దేశాల రైతులు గింజలు నాటరు. మంచి ఆడ చెట్టు మొదట పుట్టిన పిలకలను వేరుచేసి నాటుతారు. బాబరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో ఈ చెట్టు రెండు విషయాల్లో జంతువును పోలి ఉంటుందని జనుల మాటగా వ్రాశాడు. తల నరికితే బతకదు. మగ చెట్టు కొమ్మ తాకకపోతే ఆడ చెట్టు మంచి ఫలమియ్యదు. ఇవన్నీ మేము తరువాత తెలుసుకున్నవి. ఆనాడు తాత మాటను అమ్మీకి చెప్పగా, ఆమె బియ్యం కడిగిన నీళ్లను చెట్టు మొదట పోస్తూ, "మనది ఆడదే" అన్నది. అంతకు మించి ఆమె ఎన్నడూ ఆ విషయం మాట్లాడలేదు.

ఈ నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఖర్జూరానికి తల నిప్పులో, పాదాలు నీటిలో ఉండాలని అరబ్బుల నానుడి. నిప్పుకు మా ఊరిలో కొదవ లేదు. నీటికే కరువు. వేసవిలో ట్యాంకరు వచ్చే దినాన సందంతా బిందెలతో బారు తీరుతుంది. ఆ నీళ్లను అమ్మీ లెక్క పెట్టి వాడేది. మా స్నానాలకు ఇన్ని చెంబులని గీత గీసిన ఇల్లాలు, చెట్టు వంతు దగ్గర మాత్రం ఏ వేసవిలోనూ తగ్గించలేదు. గిన్నెలు కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు, చివరికి జ్వరం వచ్చిన దినాల్లో మా నుదుట వేసిన తడిగుడ్డ పిండిన నీళ్లు, అన్నీ అటే పోయాయి. ఇంత శ్రద్ధ దేనికని మేము అడుగలేదు. మాకు తెలుసు. ఆమె కూడా ఆ దస్తావేజును నమ్మింది.

2017 సెలవుకు అబ్బా వచ్చేసరికి చెట్టు ఆయనకంటె ఎత్తయింది. ఆసారి ఆయన నవ్వలేదు. సంచి దించి, కాళ్లు కడుక్కొని, కొడవలి అడిగి, ఎండిన అడుగు మట్టలను ఒక్కొక్కటిగా కోసి, ముళ్లు చెక్కి, మొదలును శుభ్రం చేశారు. ఆ కోతలో తొందర లేదు, తడుములాట లేదు. మా తండ్రికి ఇంత పనితనం ఉన్నదని మేము చూసింది ఆనాడే. అది ఎవరి తోటలోనో నేర్చినది. క్రీస్తుకు పూర్వం 18వ శతాబ్దపు బాబిలోనియా రాజు హమ్మురబి శాసనంలో ఖర్జూరపు తోటకు పరాగ సంపర్కం చేసే తోటమాలి ప్రస్తావన ఉన్నది. ఫలసాయంలో రెండు వంతులు ఆసామికి, ఒక వంతు తోటమాలికి అట. ఈ సంగతి మేము చదివి ఫోనులో వినిపించినప్పుడు అబ్బా కొంతసేపు ఊరకుండి, "ఆ రాజు మళ్లీ పుడితే బాగుండు" అన్నారు.

2020 ఫిబ్రవరి మధ్యలో ఒక ఉదయాన మట్టల సందున గోధుమరంగు తొడుగు ఒకటి కనిపించింది. జానెడు వెడల్పున, పొట్టిగా, ఉబ్బి ఉన్నది. నాలుగు దినాలకు అది నిలువునా పగిలింది. లోపల తెల్లని పూసలు గుచ్చిన పుల్లల కుచ్చు. మేము ముగ్గురం కేకలు వేశాము. ఏడున్నరేళ్లు! అమ్మీ పొయ్యి మీది గిన్నె వదిలి వచ్చింది. దాదీని కుర్చీతో సహా పెరట్లోకి మోసుకొచ్చాము. వెంటనే అబ్బాకు వీడియో కాల్ చేశాము.

ఆయన చెట్టు మీద ఉన్నారు. వఫ్రాలో అది పరాగ సంపర్కపు కాలం. నడుముకు మోకు చుట్టుకొని, ఒక ఆడ చెట్టు గెలలో మగ పూరెమ్మలను పెట్టి కట్టుతూ, ఒక చేతితో ఫోను పట్టుకొని మాట్లాడారు. ఆయన వెనుక ఆకాశం తెల్లగా ఉన్నది. మేము గర్వంగా మా పూగుత్తిని కెమెరాకు దగ్గరగా పెట్టాము. ఆయన చూశారు. "ఒక్కసారి తట్టండి" అన్నారు. తట్టాము. మైదాపిండి వంటి తెల్లని దుమ్ము లేచి, దాదీ ఒడిలో పడింది.

చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. సిగ్నలు పోయిందనుకున్నాము. తరువాత మెల్లగా, "మగది" అన్నారు.

అమ్మీ లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు కాలువలో పోయాయి. మరునాడూ అంతే. వారం దినాలపాటు ఆమె పెరటి వైపు చూడలేదు. మేము రహస్యంగా రెండు చెంబులు పోశామే గాని, మాకూ మనసు లేదు. కాపు లేని చెట్టుకు గడువు ఏమిటి? కాపుకొచ్చే నాటికి వస్తానన్న మనిషి ఇక ఏ లెక్కన రావాలి? అప్పటికి మేము చిన్నపిల్లలం కాము. మాలో పెద్దది డిగ్రీ చదువుతున్నది. ఒక చెట్టు పువ్వుకూ ఒక మనిషి రాకకూ సంబంధం లేదని తెలిసిన వయసే. తెలియడం వేరు.

మామూ గారు వచ్చి, "గొడ్డుచెట్టు, ముళ్లచెట్టు. కొట్టించి ఆ చోట జామ పెట్టుకోండి" అని సలహా ఇచ్చారు. ఒక మనిషిని కూడా కుదిర్చారు. దాదీ ఆ మాట విని, "ఇంట్లో మగపిల్లవాడు పుడితే కొట్టిస్తారట్రా?" అన్నది. అందరూ నవ్వారు. అమ్మీ నవ్వలేదు. కాని ఆ మాపటికి గిన్నెలు కడిగిన నీళ్లు మళ్లీ చెట్టు మొదటికి వెళ్లాయి.

అటుపిమ్మట నెలలోపే లోకం తలుపులు మూసుకున్నది. ఆ సంవత్సరపు కథ అందరికీ తెలిసినదే గనుక పెంచము. ఆసామి తోటలో మనుషులను తగ్గించారు. జూలైలో వందే భారత్ విమానంలో అబ్బా తిరిగి వచ్చారు. క్వారంటైను ముగించుకొని ఇల్లు చేరిన నాడు, ఒక చేతిలో సంచి, ముఖానికి మాస్కు. చెట్టు కాయలేదు, ఆయన మాత్రం వచ్చారు. ఎన్ని సంవత్సరాలనుండి ఎదురుచూసిన రాకనో, అది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మేము అనుకోలేదు. అప్పు ఇంకా మిగిలి ఉన్నది.

ఆ నవంబరులో నివర్ తుపాను వానకు మా ప్రహరీ పది అడుగుల మేర కూలి పక్కింటి వారి వైపు పడింది. చెట్టు వేళ్లే గోడను పడదోశాయని వారి అభియోగం. అబ్బా వాదించలేదు. పార తీసుకొని వారి ఎదుటనే గోడ పునాది వెంబడి తవ్వి చూపించారు. ఖర్జూరానికి మర్రికి, రావికి వలె లావెక్కే వేళ్లు ఉండవు. వేలెడు మందంలో, కుచ్చుకుచ్చుగా, తాళ్ల వంటి వేళ్లు. పునాది రాళ్లను తాకి పక్కకు తప్పుకొని పోయాయి. కూలింది నాసిరకం మట్టి వలన. ఆ గోడ కట్టినది తానేనని ఆయనే ఒప్పుకొని, తిరిగి కట్టారు. ఈసారి కాస్త ఎడంగా.

ఒక యేడు పైచిలుకు ఆయన మళ్లీ బేల్దారి పనికి పోయారు. ప్రతి ఫిబ్రవరిలో చెట్టు పూసింది, రాలింది. ఇటీవలి సంవత్సరాల్లో అనంతపురం ప్రాంతంలో కొందరు రైతులు టిష్యూకల్చర్ మొక్కలతో బర్హీ రకపు ఖర్జూరం వేశారు. 2022 ఫిబ్రవరిలో, కువైట్‌లో అబ్బాతో పని చేసి వచ్చిన ఒక స్నేహితుడు అటువంటి ఒక రైతును వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన తోటనిండా ఆడ చెట్లే. గెలలు వేస్తున్నాయి, పుప్పొడి చాలలేదు. సుమారు యాభై ఆడ చెట్లకు ఒక్క మగ చెట్టు సరిపోతుంది. ఆ ఒక్కటీ సమయానికి పూయాలి. మా సందులోకి వచ్చిన ఆ రైతు చెట్టు వైపు చూసిన చూపును మేము మరువలేము. మా ఇంటి చెట్టును ఆ విధంగా ఎవరూ చూడలేదు.

అబ్బా నిచ్చెన వేసి తొడుగులు కోశారు. పూరెమ్మలను నీడలో వార్తాపత్రికల మీద ఆరబెట్టి, అమ్మీ పాత దుపట్టాతో పుప్పొడి జల్లించి, సీసాకెత్తారు. సీసాతో పాటు తానూ వెళ్లారు. చెట్టెక్కి గెలగెలకూ అద్దే విద్య ఆ చుట్టుపక్కల తెలిసినవారు తక్కువ. మూడు వారాలు ఉండి వచ్చారు. వచ్చే యేడు మరి రెండు తోటలవారు కబురు పంపారు. హమ్మురబి వంతు కాకపోయినా, కూలి తిన్నగానే ఉన్నది.

మా చిన్నది ఈ మధ్య తరగతిలో విని వచ్చిన ఒక వార్త ఇక్కడ చెప్పక తప్పదు. మృతసముద్ర తీరాన మసాదా కోట తవ్వకాల్లో దొరికిన, రెండువేల సంవత్సరాలనాటి ఖర్జూరపు గింజ ఒకదానిని 2005లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మొలకెత్తించారట. మెతూసెలా అని పేరుపెట్టి కళ్లలో వత్తులు వేసుకొని పెంచగా, 2011లో పూసింది. చూస్తే అదీ మగదే! దాని పుప్పొడిని అటువంటి ప్రాచీనపు గింజనుండే పుట్టిన ఒక ఆడ చెట్టుకు అద్దగా 2020లో పండ్లు వచ్చాయి. ఈ కథను అమ్మీకి చెప్పాము. "వాళ్లింట్లో నీళ్లు ఎవరు పోశారో?" అని అడిగింది.

ఆ మొదటి యేడు జూలైలో రైతు ఒక గెల పంపారు. బర్హీని ఎండేదాకా ఉంచనక్కరలేదు. పసుపు పచ్చగా, గట్టిగా ఉండగానే తియ్యగా ఉంటుంది. వానలు ముదరకముందే కోయవచ్చు గనుక మన ప్రాంతానికి అనుకూలం. దాదీకి అప్పటికి చూపు బాగా మందగించింది. పండును చేతిలో తిప్పి, కొరికి, కరకరమని నమిలి, "మన చెట్టుదేనా?" అని అడిగింది.

మేము అబ్బా ముఖం చూశాము. ఆయన అమ్మీ ముఖం చూశారు.

"మన చెట్టుదే, అమ్మా" అన్నారు.

ఎవరూ సరిదిద్దలేదు. అమ్మీ ఒక పండు తీసుకొని పెరటి గడప మీద కూర్చొని, చెట్టు వైపు చూస్తూ తిన్నది. గింజను మాత్రం నాటలేదు. పొయ్యిలో వేసింది.

ఇప్పుడు ప్రతి ఫిబ్రవరిలో అబ్బా సంచి సర్దుకొని వెళ్తారు. శనివారాలు ఇంటికి వస్తారు. మిగిలిన పుప్పొడిని వచ్చే యేటికి సీసాలో పోసి, మా ఫ్రిజ్జులో పాల పాత్ర పక్కన పెట్టుతారు. నిరుడు దాదీ తడుముకుంటూ దానిని తీసి రొట్టెల పిండిలో కలపబోయింది. అప్పటినుండి సీసా మీద ఒక చీటీ అంటించి ఉన్నది. అమ్మీ చేతి వ్రాతలో, పైన ఉర్దూలో, కింద తెలుగులో, "ఇది పిండి కాదు."